పాత లాప్‌టాప్‌కు లినక్స్ సరిపడుతుందా?

ప్రశ్న: నా లాప్‌టాప్ 2014 నాటిది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు. ఆన్ చేసి స్నానం ముగించుకుని వచ్చినా తెర మీద సున్నా తిరుగుతూనే ఉంటుంది. విండోస్ 11 ఎక్కదట. విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోమని మా మేనల్లుడి సలహా. తెలుగులో కథలు రాసుకోవడం, బ్రౌజర్ చూడటం తప్ప నాకు వేరే పని లేదు. ఈ వయసులో నేర్చుకోగలనా? – ఒక పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా నేర్చుకోగలరు. కథ అల్లగలిగిన వారికి నాలుగు కొత్త మెనూలు ఒక లెక్కా! విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఎలాగూ ఏదో ఒకటి చేయవలసిందే.

అయితే మీ మేనల్లుడు సగమే చెప్పాడు. నత్తనడకకు అసలు దోషి చాలావరకు ఆ తిరిగే హార్డ్‌డిస్కే. దాన్ని తీసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కు) పెట్టించండి. ఆ పాత డిస్కు మీదే లినక్స్ వేస్తే కొంత ఊరట తప్ప పెద్ద మార్పు కనిపించదు.

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. ఏది మేలన్న వాదనల్లో తలదూర్చకండి, వాటికి అంతులేదు. మీకు లినక్స్ మింట్ అనే దానిలో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం చాలు. 2 జీబీ ర్యామ్‌తోనే నడుస్తుంది, 4 ఉంటే హాయి. దాని ఐఎస్ఓ ఫైలును (మింట్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు, అంటే లాప్‌టాప్ దాంతో మొదలు కాదు. రూఫస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి, జాగ్రత్త. లాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్12 గానీ ఎస్కేప్ గానీ (కంపెనీని బట్టి మారుతుంది) నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. డిస్కును తాకకుండానే మింట్ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ జోలికి పోకుండా వై-ఫై అందుతోందా, పాట వినిపిస్తోందా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా చూడండి. కొన్ని బ్రాడ్‌కామ్ వై-ఫై చిప్‌లు మొండికేస్తాయి. అప్పుడు ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, దాని ఇంటర్నెట్‌తో మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ నుంచి డ్రైవర్ (ఆ చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) తెచ్చుకోవచ్చు.

ఇక తెలుగు. కీబోర్డు లేఅవుట్లలో తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) పద్ధతిలో రాయవచ్చు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి, అందులో అలా కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది. మీరు చెప్పని సంగతి ఒకటి అడగాలి: పాత కథలు అను ఫాంట్లలో కొట్టారా? అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కావు. మింట్‌తో వచ్చే లిబ్రెఆఫీస్‌లో (వర్డ్ లాంటిది) తెరిస్తే కథకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. విండోస్ ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, సున్నాలు సరిగ్గా వచ్చాయో లేదో ఒక పేజీ అయినా చదివి చూసుకోండి. మార్చిన ఫైళ్లు మరో చోట కూడా దాచాకే డిస్కు విప్పించండి.