సమాధుల తోట నుంచి కటోరా హౌజ్ దాకా నడక: ఏది ముందు, ఏది తర్వాత?

గోల్కొండ కోట ఎక్కకుండా, గోల్కొండనేలిన కుతుబ్ షాహీ సుల్తానుల సమాధులూ దగ్గర్లోని బావులూ కొలనులూ ఒక పూటలో నడిచి చూడటం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. సమాధుల తోటలో మొదలుపెట్టి కోట వైపు వెళ్లండి. సొంత బండి వద్దు, దాని కోసం మళ్లీ వెనక్కి నడవాల్సి వస్తుంది. మెహిదీపట్నం నుంచి బస్సో ఆటోనో మేలు.

గేటు తెరిచే వేళకే చేరుకోండి. పదకొండు దాటితే రాతి అరుగులు కాలుతాయి. మొదట హైదరాబాదు కట్టించిన సుల్తాను మహమ్మద్ కులీ సమాధి చూడండి. ఎత్తు 42 మీటర్ల దాకా ఉంటుంది. పైన కనిపించేది గుర్తు రాయి మాత్రమే, అసలు సమాధి కింది నేలమాళిగలో ఉంది. మరో సుల్తాను ఇబ్రహీం సమాధి దక్షిణపు గోడ మీద రంగు పెంకుల ఆనవాళ్లు వెతకండి. సుల్తాను జంషీద్‌ది ఎనిమిది మూలల రెండంతస్తుల కట్టడం. చివరి సుల్తాను తానీషా సమాధి కోసం మాత్రం వెతక్కండి. 1687లో ఔరంగజేబు చేతికి చిక్కిన ఆయన దౌలతాబాదు చెరలోనే పోయాడు, సమాధి ఖుల్దాబాదులో ఉంది.

చాలామంది గుంబజ్‌ల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నా లెక్కలో ఈ తోటకు ప్రాణం నీరే. మహమ్మద్ కులీ సమాధి ఎదురుగా ఉన్న హమామ్‌లో రాజకుటుంబీకుల భౌతికకాయాలకు చివరి స్నానం చేయించేవారు. గోడల్లోని మట్టి గొట్టాల దారి గమనించండి. తర్వాత బడీ బావోలీకి తీరిగ్గా సమయమివ్వండి. 2013 వానలకు ఈ దిగుడు బావిలో ఒక పక్క కూలింది. పాత కట్టడాలను బాగుచేసే ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు రాయీ సున్నంతో తిరిగి కట్టారు. ఇలాంటి పాత గోడలకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని రాయిని తినేస్తుంది, అందుకే సున్నం. గోల్కొండ దిగుడు బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. నీళ్లు నిండుగా చూడాలంటే వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లండి. అప్పుడు మెట్లకు పాచి పడుతుంది. అరిగిన చెప్పులతో దిగొద్దు.

అక్కణ్నుంచి కోట బయటి గోడలోని ద్వారం బంజారా దర్వాజా సుమారు కిలోమీటరు. దారి ఇరుకు, వాహనాలు ఆగకుండా వస్తుంటాయి, ఒక వరసలో గోడ వారగా నడవండి. లోపలికి వెళ్లి కటోరా హౌజ్ అనే పాత కొలను ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. ఒకప్పుడు దుర్గం చెరువు నీళ్లు మట్టి గొట్టాల్లో ఇక్కడికి చేరేవి. ఇప్పుడు గుర్రపుడెక్క పట్టిందంటే పచ్చిక బయలులా కనిపిస్తుంది, నేలనుకుని పిల్లలు అడుగు వేసే ప్రమాదం ఉంది. వాళ్ల చెయ్యి వదలొద్దు.

ఓపిక మిగిలితే ఆటోలో కోటకు తర్వాత కలిపిన భాగం నయా ఖిలాకు వెళ్లండి. హాతియాన్ కా ఝాడ్ అనే బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు, షా హాతిం చెరువు అక్కడే. లోపల చాలా భాగం గోల్ఫ్ మైదానం, కాబట్టి చెట్టు చూడటానికి వచ్చామని కాపలావాళ్లకు చెప్పి, వాళ్లు చూపిన దారిలోనే నడవండి.