ధనదాహాన్ని వెక్కిరించే నిరసన పాటల వీడియోలకు ఉత్తరాంధ్రలో మూలాలున్నాయా?

డబ్బున్నవాళ్ల దురాశను ఎగతాళి చేసే పాటల వీడియోలు బయటినుంచి వచ్చిన పద్ధతేనా, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఇలాంటిది ముందునుంచీ ఉందా అన్నది ప్రశ్న. వీడియో కొత్తదే గాని, పాటతో దోపిడీని నిలదీయడం ఇక్కడ పాతదే.

జముకుల కథనే తీసుకోండి. జముకు అంటే ఒకవైపు తోలు మూసిన పాత్ర. తోలు మధ్యనుంచి వచ్చే తీగను బిగించి మీటుతుంటే దాని మోత మీద కథ నడుస్తుంది, వంతపాడేవాళ్లు మధ్యమధ్య అందుకుని నవ్విస్తారు. అమ్మవారి కథలు చెప్పే ఈ కళను విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి 1960లలో శ్రీకాకుళం రైతాంగ ఉద్యమానికి మలిచి, భూస్వాముల, వడ్డీ వ్యాపారుల ఆగడాలను ఊరూరా వినిపించారు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత, పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు 2020లో కన్నుమూసేదాకా ఈ ప్రాంతపు మాటతీరులోనే శ్రమజీవుల పాట కట్టారు.

వీడియోలో వ్యంగ్యం అనుకరణ మీద ఆధారపడుతుంది: ఉంగరాల చేతులు, పెద్ద కారు, నిండిన విస్తరి. చిక్కంతా అక్కడే, ఎందుకంటే ఆ హంగును మరీ అందంగా చూపితే చూసేవాడు దానికే ముచ్చటపడతాడు. అదే ఉంగరాల చెయ్యి పక్కన జీడిపిక్కలు ఒలిచి నల్లబడ్డ పలాస కూలీ వేళ్లను ఒక్క క్షణం చూపిస్తే, పాట ఎవరి పక్షమో విడిగా చెప్పనక్కరలేదు.