షుగర్ ఉన్న అమ్మానాన్నలు వస్తున్నారా? ముందు పాదాలు చూడండి

నేను న్యూజెర్సీకి వచ్చి 20 ఏళ్లయింది. కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడుగుతుంటారు: "అక్కా, నాన్నకి షుగర్. ఆర్నెల్లకి సరిపడా మందులు తెచ్చుకుంటున్నారు. ఇంకేం చూసుకోవాలి?" పాదాలు చూసుకోండమ్మా అంటాను.

మా మామయ్యగారు ఒక నవంబరులో వచ్చారు. ఓరోజు బట్టలు ఉతకడానికి వేస్తుంటే ఆయన తెల్ల సాక్సు కొసన రూపాయి బిళ్లంత పసుపుపచ్చ మరక కనిపించింది. అడిగితే, "కొత్త బూటు కరిచిందమ్మా, నొప్పేం లేదు" అన్నారు. నొప్పి లేదన్నారు కదా అని నేనూ ఊరుకున్నాను. ఆయింట్‌మెంట్ రాసి, ఇండియా నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మిగిలి ఉంటే మూడు రోజులు వేశాను. ఐదో రోజుకి పాదం చీలమండ దాకా ఎర్రగా వాచింది, చలిజ్వరం, షుగర్ 380. ఎముకకి పాకిందని చిటికెన వేలు తీసేశారు.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే కాళ్లలో నరాలు మొద్దుబారతాయి, పుండు పడినా తెలియదు. రక్తం సరిగ్గా అందదు, బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాల చురుకూ తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ షుగర్‌ని పెంచుతుంది, పెరిగిన షుగర్ ఇన్ఫెక్షన్‌ని ఎగదోస్తుంది. అందుకే నొప్పి లేదంటే ధైర్యపడకండి. కారణం తెలియకుండా షుగర్ పెరిగినా అనుమానించండి.

ఇక్కడి చలికాలం హీటర్ గాలికి మడమలు పగులుతాయి. రాత్రి క్రీము రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. వేడినీళ్లలో కాళ్లు పెట్టనివ్వకండి, కాలినా వాళ్లకి తెలియదు. ఇంట్లోనూ చెప్పులు వేసుకోమనండి. మన పెద్దవాళ్లకి ఇది నచ్చదు, అయినా బతిమాలండి.

పుండు, చీము, ఎరుపు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి గానీ అర్జెంట్ కేర్‌లో (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్) గానీ చూపించండి. ఇక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వరు. మిగిలిన మాత్రలు నాలాగా వేయకండి: పైకి ఎరుపు తగ్గినట్టుంటుంది, తర్వాత చీములోని క్రిమిని పెంచి గుర్తుపట్టే కల్చర్ టెస్టులో అది ఏ క్రిమో దొరక్కపోవచ్చు. ఎరుపు పాకుతున్నా, చర్మం నల్లబడినా, వణుకు, మత్తు ఉన్నా నేరుగా ఈఆర్‌కి (హాస్పిటల్ ఎమర్జెన్సీకి) వెళ్లండి, అవసరమైతే 911కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేయండి. ఇన్సూరెన్స్ లేకపోయినా ఈఆర్‌లో పరీక్షించి, ప్రమాదం ఉంటే స్థిమితపరచాలని 1986 నుంచి చట్టం ఉంది. బిల్లు మాత్రం వస్తుంది. నాన్ ప్రాఫిట్ హాస్పిటల్ అయితే ఆర్థిక సహాయం అప్లికేషన్ అడిగి తీసుకోండి. చాలా విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బుల్ని కవర్ చేయవు. 'అక్యూట్ ఆన్‌సెట్' (పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే ఎంతవరకు ఇస్తారన్న) షరతు, వయసు పరిమితి చదివాకే కొనండి.

పాదాల తర్వాత చూసుకోవాల్సింది మూత్రంలో ఇన్ఫెక్షన్. అమ్మలు మూత్రంలో మంటని సిగ్గుతో దాచుకుంటారు. మీరే అడగండి. పెద్దవయసులో ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, యూరిన్ ఇన్ఫెక్షనే అనుకోకుండా వెంటనే ఈఆర్‌లో చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకి మర్మాంగాల దగ్గర నొప్పి, వాపు, జ్వరం వస్తే ఈఆర్‌కే. అరుదే అయినా ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ గురించి ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది.

మందుల చీటీలో బ్రాండ్ పేరు పక్కన జనరిక్ పేరు (మందు అసలు పేరు) కూడా రాయించుకు రమ్మనండి. మన బ్రాండ్ పేర్లు ఇక్కడి డాక్టర్లకి తెలియకపోవచ్చు.