మూడు వారాల జపాన్ స్టడీ టూర్: డబ్బు ఎక్కడి నుంచి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయి టెక్సాస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. వచ్చే మే నెలలో వాళ్ల ప్రొఫెసర్ 15 మంది విద్యార్థులను జపాన్ తీసుకెళ్తున్నారు. టోక్యో, క్యోటో, కోయాసాన్, హిరోషిమా తిప్పుతారట. జపాన్ సంస్కృతి మీద మూడు క్రెడిట్ల కోర్సు అంటోంది. ప్రోగ్రామ్ ఫీజు 4,600 డాలర్లు. ట్యూషన్, విమానం టికెట్ వేరే. పోయినేడే ఇల్లు కొన్నాం, అబ్బాయి కూడా వచ్చే ఏడు కాలేజీకి వస్తున్నాడు. మా వారు "ఇది చదువా, విహారయాత్రా?" అంటున్నారు. అమ్మాయి మాత్రం పట్టిన పట్టు వదలడం లేదు. స్కాలర్‌షిప్‌లు ఏమైనా దొరుకుతాయా? మాది ఇంకా హెచ్-1బీ ఉద్యోగ వీసా, అమ్మాయిది దాని మీద ఆధారపడ్డ హెచ్-4.

జవాబు: అమ్మా, స్కాలర్‌షిప్‌ల సంగతి చెబుతాను. కానీ మీరు చివర్లో రాసిన హెచ్-4 మాట దగ్గర ముందు ఆగాలి. అమ్మాయి పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు ఎప్పటిదాకా ఉందో ఈ రోజే తీసి చూడండి. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఉంటే ఇక్కడ ఉండటానికి సరిపోతుంది. బయటికి వెళ్లి తిరిగి రావాలంటే స్టాంపు గడువు కూడా ఉండాలి. కెనడాకో, మెక్సికోకో నాలుగు రోజులు వెళ్లొచ్చేవాళ్లకు ఉన్న వెసులుబాటు జపాన్‌కు వర్తించదు. టోక్యోలో స్టాంపింగ్ చేయించుకోవచ్చులే అనుకోకండి. సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో దరఖాస్తు పెట్టుకోవాలని 2025 సెప్టెంబర్ నుంచి అమెరికా విదేశాంగ శాఖ చెబుతోంది. అంటే స్టాంపు లేకపోతే పిల్ల జపాన్ నుంచి ఇండియా వెళ్లి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడాలి. 21 ఏళ్లు (హెచ్-4 అక్కడితో ఆగిపోతుంది) దగ్గరపడుతున్నాయని ఎఫ్-1 విద్యార్థి వీసాకు మార్చమని దరఖాస్తు పెట్టి ఉంటే మరీ జాగ్రత్త. అది పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. మీ అటార్నీతో మాట్లాడకుండా డిపాజిట్ కట్టొద్దు.

జపాన్ వీసా ఇంకొకటి. అమెరికన్ పాస్‌పోర్టు ఉన్న క్లాస్‌మేట్లు 90 రోజుల దాకా వీసా లేకుండా వెళ్తారు, భారతీయ పాస్‌పోర్టుకు వీసా కావాలి. టెక్సాస్‌వాళ్లకు హ్యూస్టన్‌లోని జపాన్ కాన్సులేట్ చూస్తుంది. గ్రూపులో వీసా అవసరమైంది మీ అమ్మాయి ఒక్కతే అయితే ప్రొఫెసర్‌కు ఆ ఆలోచనే రాకపోవచ్చు. ఇప్పుడే ఆయన చెవిన వేయండి.

ఇక మీ వారి ప్రశ్న. అది చాలా సరైన ప్రశ్న, దానికి జవాబు అమ్మాయి డిగ్రీ ప్లాన్‌లో ఉంది. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ బ్రాంచి వాళ్లయినా 42 క్రెడిట్ల కోర్ పూర్తి చేయాలి. అందులో భాష, తత్వశాస్త్రం, సంస్కృతి అనే విభాగం ఒకటి ఉంటుంది. ఈ జపాన్ కోర్సు ఆ విభాగం కింద లెక్కకు వస్తుందా అని అడ్వైజర్‌ను అడిగి, ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. వస్తుందంటే ఎలాగూ తీసుకోవాల్సిన మూడు క్రెడిట్లు ఇక్కడ తీరిపోతాయి, కాబట్టి ట్యూషన్ అదనపు ఖర్చు కాదు. ఎలెక్టివ్‌గా వచ్చినా నయమే. ఆ విభాగం ఇప్పటికే అయిపోయి, ఎలెక్టివ్‌లకూ చోటు లేకపోతే మాత్రం మీ వారు అన్నదాంట్లో న్యాయం ఉంది. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు ముందు స్కాలర్‌షిప్ పేర్లే అడుగుతారు. నేను మాత్రం క్రెడిట్ ఎక్కడ పడుతుందో తేలాకే డబ్బు గురించి మాట్లాడతాను. ఎందుకంటే అమెరికాలో ఇలాంటి టూర్లకు సహాయం దాదాపు అంతా ఆ క్రెడిట్‌ను పట్టుకునే వస్తుంది.

స్కాలర్‌షిప్‌ల్లో అందరూ మొదట చెప్పేది గిల్మన్. 5,000 డాలర్ల దాకా ఇస్తారు, జపనీస్ భాష కూడా చదివితే ఇంకొంత కలిసే అవకాశం ఉంది. కానీ అది అమెరికా పౌరులకు, అందులోనూ పెల్ గ్రాంట్ (ఆదాయం తక్కువగా ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) అందుకుంటున్నవారికి మాత్రమే. కాబట్టి మీకు రాదు. పిల్లలు ఇక్కడే పుట్టి, ఆదాయం తక్కువగా ఉన్న తెలుగు కుటుంబాలు మాత్రం దీన్ని వదులుకోకూడదు. ఒక్క జాగ్రత్త: నాలుగేళ్ల కాలేజీ విద్యార్థులు ఆ దేశంలో కనీసం 21 రోజులు ఉండాలి. "మూడు వారాలు" అని చెప్పి ప్రయాణం రోజులు కూడా కలిపేసిన టూర్లు ఉంటాయి, అక్కడ ఉండే రోజులు విడిగా లెక్కపెట్టుకోండి. జపాన్ కోసమే ఉన్న బ్రిడ్జింగ్ స్కాలర్‌షిప్ సెమిస్టరో, ఏడాదో చదివేవాళ్లకు. దాని వెంట పడి సమయం పోగొట్టుకోవద్దు.

మీకు పనికొచ్చేది మీ అమ్మాయి ఫీజు బిల్లులోనే ఉండొచ్చు. టెక్సాస్ చట్టం ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీలు విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1 నుంచి 4 డాలర్ల దాకా ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ ఫీజు వసూలు చేయవచ్చు. విదేశాల్లో చదివే పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వడానికే ఆ డబ్బు. పిల్ల బిల్లులో ఆ లైన్ ఉందేమో చూడండి. ఉంటే స్టడీ అబ్రాడ్ ఆఫీసుకు వెళ్లి హెచ్-4 వాళ్లకు అర్హత ఉందా, చివరి తేదీ ఎప్పుడు అని అడగమనండి. ఒక్కో యూనివర్సిటీ షరతులు ఒక్కోలా ఉంటాయి. కుటుంబ ఆదాయం చూసే చోట ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు) అడుగుతారు. హెచ్-4 మీద ఫెడరల్ సాయం రాదు కాబట్టి, టెక్సాస్ రెసిడెంట్లయితే టాస్ఫా (టెక్సాస్ రాష్ట్ర సాయం దరఖాస్తు) నింపే వీలుందేమో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో కనుక్కోండి. తర్వాత ఆనర్స్ కాలేజీ, ఇంజినీరింగ్ డీన్ ఆఫీసు, కోర్సు నడిపే డిపార్ట్‌మెంట్, ఈ మూడు చోట్లా విడివిడిగా అడగాలి. 500, 700 డాలర్ల చిన్న మొత్తాలకు పోటీ తక్కువ ఉంటుంది. క్యాంపస్‌లో పని చేసి కూడబెట్టుకుంటానని పిల్ల అంటే హెచ్-4 మీద కుదరదని చెప్పండి.

పిల్ల పేరిట 529 ఖాతా (చదువు కోసం పన్ను వెసులుబాటుతో దాచుకునేది) ఉందా? ఉంటే ట్యూషన్ అందులోంచి కట్టొచ్చు. బస, భోజనం కూడా అందులోంచి తీయాలంటే ఆ టర్మ్‌లో కనీసం హాఫ్-టైమ్ చదువుతూ ఉండాలి, అంటే చాలాచోట్ల ఆరు క్రెడిట్లు. జపాన్ కోర్సుతో మూడే వస్తాయి కాబట్టి అదే సమ్మర్‌లో ఇంకో ఆన్‌లైన్ కోర్సు తీసుకుంటే ఆ దారి తెరుచుకుంటుంది. విమానం టికెట్‌కు 529 పనికిరాదు. తీస్తే లాభం మీద పన్ను, దాని పైన 10 శాతం జరిమానా పడతాయి. అందుకే ఆ 4,600లో బసకు ఎంత, భోజనానికి ఎంత, లోకల్ రైళ్లకు ఎంత అని విడగొట్టి రాసివ్వమని అడగండి. అలా రాసిస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది. ప్రొఫెసర్ టికెట్, బస ఖర్చు మామూలుగా విద్యార్థుల ఫీజులోనే కలిపి ఉంటాయి. అందుకే కనీసం ఇంతమంది చేరితేనే టూర్ అనే నియమం పెడతారు. టూర్ ఖాయమైందని రాతపూర్వకంగా వచ్చేదాకా నాన్-రీఫండబుల్ టికెట్ కొనకండి.

రైళ్ల ఖర్చు మీద ఒక మాట. పర్యాటకులు కొనే ఏడు రోజుల జేఆర్ రైలు పాస్ ధర 2023 అక్టోబర్‌లో 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. పాత బడ్జెట్‌ను కాపీ కొట్టిన టూర్ అయితే తేడా పిల్లల జేబు మీద పడుతుంది. మీరు శాకాహారులైతే భోజనం డబ్బు కాస్త ఎక్కువే పెట్టుకోండి. కూరగాయల సూప్ అనుకుని తాగేదాంట్లో కూడా ఎండబెట్టిన చేప తురుముతో కాచిన నీళ్లు ఉంటాయి. కోయాసాన్‌లో బౌద్ధ మఠాల్లో బస చేస్తే మాత్రం ఆ దిగులు లేదు, అక్కడ వడ్డించేది పూర్తి శాకాహారం.

దరఖాస్తు వ్యాసం దగ్గర చాలామంది పిల్లలు దెబ్బతింటారు. చిన్నప్పటి నుంచి యానిమే అంటే ఇష్టమని రాస్తారు, అది వందమంది రాసేదే. మీ అమ్మాయిది కంప్యూటర్ సైన్స్, టూర్ క్యోటో వెళ్తుంది. క్యోటోలో నిషిజిన్ అనే పట్టు నేతగాళ్ల పేట ఉంది. 1869లో రాజధాని టోక్యోకు తరలి, రాజాశ్రయం పోయి నేత కుదేలైతే, 1870ల్లో క్యోటో ప్రభుత్వం నేతగాళ్లను ఫ్రాన్స్‌లోని లియాన్‌కు పంపి జకార్డ్ మగ్గాలు తెప్పించింది. ఆ మగ్గంలో డిజైన్‌ను బెజ్జాలు కొట్టిన అట్టలు నడిపిస్తాయి: అట్టకు బెజ్జం ఉన్న చోట దారం లేస్తుంది, లేని చోట లేవదు. మొదటి తరం కంప్యూటర్లకు సమాచారం ఇచ్చిన పంచ్ కార్డుల వెనక ఉన్నది ఆ ఆలోచనే. ఒక పాత కళ కొత్త యంత్రాన్ని పట్టుకుని ఎలా నిలదొక్కుకుందో చూడాలని వెళ్తున్నాను, తిరిగొచ్చాక మా డిపార్ట్‌మెంట్‌లో దాని మీద ప్రెజెంటేషన్ ఇస్తాను అని రాస్తే కమిటీ ఆ కాగితాన్ని పక్కన పెట్టదు. ఇది ఉదాహరణ మాత్రమే. తనకు నిజంగా ఆసక్తి ఉన్నదాన్ని తనే వెతికి రాయాలి.

ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, మూడు వారాల టూర్ ఒక్కటే చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. కానీ మీరున్న ఊరు చూడండి. టొయోటా ఉత్తర అమెరికా ముఖ్య కార్యాలయం పక్కనే ప్లేనోలో ఉంది, కుబోటాది గ్రేప్‌వైన్‌లో. సెవెన్-ఇలెవెన్ ఆఫీసు అర్వింగ్‌లో, దాని యజమాని టోక్యో కంపెనీ. టూర్ తర్వాత రెండు సెమిస్టర్లు జపనీస్ చదివితే రెజ్యూమెలో ఆ లైన్‌కు బలం వస్తుంది.

నా ఉద్దేశం అడిగితే, క్రెడిట్ కోర్‌లో పడి, స్కాలర్‌షిప్, 529 కలిసి సగం ఖర్చైనా మోస్తే పంపండి. క్రెడిట్ కార్డు మీద అప్పు చేయాల్సి వస్తే ఈ ఏడు వద్దు. మూడో సంవత్సరంలో సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ చూడండి. అందులో ట్యూషన్ సాధారణంగా ఇక్కడి లెక్కనే కడతారు. అక్కడి యూనివర్సిటీ ఎంపిక చేస్తే జపాన్ ప్రభుత్వ సంస్థ జాస్సో నుంచి నెలకు 80,000 యెన్‌లు వచ్చే అవకాశం కూడా ఉంది.

డిపాజిట్ గడువు స్కాలర్‌షిప్ ఫలితాల కంటే ముందే వస్తే, ఫలితం తెలిసేదాకా గడువు పొడిగించమని అమ్మాయి చేత స్టడీ అబ్రాడ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టించండి. ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగానే అడగమనండి.