రిమోట్ ఆపాక ప్రొపెల్లర్ ఎందుకు తిరిగింది?

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయికి ఫోమ్‌ ఆర్‌సీ విమానం (రిమోట్‌తో ఎగరేసేది) కొనిచ్చాం. మొన్న కిందికి దించాక రిమోట్ ఆఫ్ చేసి, బ్యాటరీ తీద్దామని విమానం చేతిలోకి తీసుకుంటే ప్రొపెల్లర్ గిర్రున తిరిగి వేలు తెగింది, కుట్లు పడ్డాయి. పైగా బ్యాటరీ కాస్త ఉబ్బింది, అయినా బాగానే ఎగురుతోందంటాడు. మా ఆవిడేమో దాన్ని అటకెక్కించమంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అటకెక్కించక్కర్లేదు గానీ, ఈ రెండూ సరిచేసేదాకా ఎగరనివ్వకండి.

రిమోట్ సిగ్నల్ తెగిపోతే ఏం చేయాలన్నది విమానంలోని రిసీవర్‌లో ముందే ఉంటుంది, దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. కొన్ని రిసీవర్లు బైండ్ చేసే (రిమోట్‌తో జత కలిపే) సమయానికి థ్రాటిల్ (మోటారు వేగం మార్చే స్టిక్) ఎక్కడుందో దాన్నే గుర్తుపెట్టుకుంటాయి, అంటే స్టిక్ సగంలో ఉండగా బైండ్ చేసి ఉంటే రిమోట్ ఆపగానే మోటారు సగం వేగంతో తిరగడం మొదలుపెడుతుంది. మీవాడి విషయంలో నాకున్న అనుమానం ఇదే. ముందు ప్రొపెల్లర్ ఊడదీయండి. థ్రాటిల్ పూర్తిగా కిందికి దించి మళ్లీ బైండ్ చేయండి. తర్వాత మోటారును కొంచెం తిప్పుతూ రిమోట్ ఆపి చూడండి, వెంటనే ఆగాలి. ఆగకపోతే రిసీవర్ మాన్యువల్ చూసి ఫెయిల్‌సేఫ్ విడిగా సెట్ చేయాలి, అప్పటిదాకా ప్రొపెల్లర్ బిగించొద్దు.

ఇంకోటి, మీవాడు వరస తప్పాడు. మొదలుపెట్టేటప్పుడు ముందు రిమోట్, తర్వాత విమానంలో బ్యాటరీ. ముగించేటప్పుడు ముందు బ్యాటరీ తీసి, ఆ తర్వాతే రిమోట్ ఆపాలి.

ఇక ఆ బ్యాటరీ. లోపల రసాయనాలు విడిపోయి గ్యాస్ చేరితేనే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బుతుంది, కాబట్టి "బాగానే ఎగురుతోంది" అన్న మాట నమ్మకండి, దాన్ని మళ్లీ ఛార్జింగ్‌కి పెట్టనే పెట్టొద్దు. ఆరుబయట ఇసుక బకెట్‌లో ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. కొత్తది కొన్నాక ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లోనే (అన్ని సెల్‌లూ సమానంగా నిండేలా) ఛార్జ్ చేయాలి. 2200 ఎంఏహెచ్ ప్యాక్ అయితే ఛార్జింగ్ కరెంటు 2.2 యాంపియర్లు చాలు. సెల్‌కి 4.2 వోల్టులు దాటకూడదు, ఎగిరేటప్పుడు 3.5 దగ్గరకి వస్తే దించేయాలి, వారం రోజులు వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోవడం, మన ఎండల్లో కారులో వదిలేయడం అస్సలు వద్దు.

మీరు అడగలేదు గానీ, 2021 డ్రోన్ నియమాలు ఇలాంటి విమానాలకీ వర్తిస్తాయి. ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) ఉందో లేదో చూసుకోండి. అందులో 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు, ఎయిర్‌పోర్టు ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో మాత్రం 200 అడుగులే. మీవైపు వరి కోశాక చేలో మినుము ఉంటుంది కదా, విమానం అందులో పడితే రైతుని అడిగే దిగాలి. కరెంటు తీగలకి చిక్కుకుంటే మాత్రం కర్రతో లాగకుండా లైన్‌మన్‌కి ఫోన్ చేయండి.