కారు కబుర్లు: మధ్యాహ్నం పూట మాత్రమే మోగే ఇంజను

ప్రశ్న: నా దగ్గర 2004 మోడల్ మారుతి ఎస్టీమ్ ఉంది. దాని 1.3 లీటర్ల ఇంజనుకు పాత డీజిల్ కారు నుంచి తీసిన చిన్న టర్బోను (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే పంకాను), ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సరు వెనక ఇంటర్‌కూలర్‌ను, విడిగా కొన్న ఇంజను కంప్యూటరును ఇంటి వెనక షెడ్డులోనే రెండేళ్లపాటు తంటాలు పడి బిగించుకున్నాను. గేర్‌బాక్సు కంపెనీదే, ఐదు గేర్ల మాన్యువల్. గత డిసెంబరులో చెన్నైలో 0.5 బార్ బూస్టుకు (మామూలు గాలి ఒత్తిడికి పైన టర్బో కలిపే ఒత్తిడికి) ట్యూనింగ్ చేయించాను. తెల్లవారుజామున కావలి నుంచి ఒంగోలు వెళ్లేటప్పుడు బండి చక్కగా లాగుతుంది. మధ్యాహ్నం తిరిగి వస్తూ నాలుగో గేరులో లారీని దాటబోతే మాత్రం, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వస్తోంది, లాగుడు పడిపోతోంది. గాలి ఉష్ణోగ్రత సెన్సారు మొదటినుంచీ ఉన్నట్టే ఫిల్టరు పెట్టెలో ఉంది. 42 డిగ్రీలు దాటి చూపించడం లేదు. బూస్టు 0.7కు పెంచితే లాగుడు వస్తుందని తెలిసిన మెకానిక్ ఒకరు అంటున్నారు. పెంచమంటారా? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: పెంచవద్దు. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ పిస్టన్ల మీద సుత్తిదెబ్బ పడుతున్నట్టే లెక్క. ప్లగ్గు మంట చేరేలోపే సిలిండరులో మూలన మిగిలిన పెట్రోలు, గాలి మిశ్రమం వేడికి తనంతట తానే భగ్గుమంటున్నది. దీనినే నాకింగ్ అంటారు. ముందు నాలుగు ప్లగ్గులూ విప్పి, తెల్లటి పింగాణీ భాగాన్ని భూతద్దంతో చూడండి. దాని మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలో, మెరిసే రేణువులో కనిపిస్తే కారును షెడ్డులోనే ఉంచండి. ఆ మెరుపు పిస్టను నుంచి రాలిన అల్యూమినియం కావచ్చు.

అసలు తప్పు ఎక్కడుందో మీ ఉత్తరంలో మీరే రాశారు. మీ సెన్సారు ఉన్నది టర్బోకు ముందు. ఇంజను పీల్చుకునేది టర్బో దాటి వచ్చిన గాలిని. 40 డిగ్రీల గాలిని 0.5 బార్ మేరకు నొక్కితే, మీది వంటి చిన్న టర్బో సామర్థ్యాన్ని 65 శాతంగా లెక్కించినా, అది దాదాపు 100 డిగ్రీలతో బయటికి వస్తుంది. 0.7కు పెంచితే 120 దగ్గరకు చేరుతుంది. ఆ వేడిని దించడం ఇంటర్‌కూలర్ పని. అయితే రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో, ఏసీ కండెన్సరు వెనక ఇరికించిన ఇంటర్‌కూలర్ ఎంత దించగలదు? మీ కంప్యూటరు మాత్రం 42 అనే అంకెను నమ్మి, డిసెంబరులో రాసిన ఇగ్నిషన్ టైమింగునే (ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణాన్నే) దాదాపుగా ఇస్తూ పోతున్నది.

కాబట్టి ఇంటర్‌కూలర్ దాటాక, ఇంజనులోకి వెళ్లే గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీకి కాస్త ముందు పైపులో, వేడిని త్వరగా పసిగట్టేలా మొన తెరిచి ఉన్న సెన్సారును బిగించండి. తరువాత 50 డిగ్రీలు దాటిన ప్రతి పది డిగ్రీలకూ టైమింగును క్రాంకు తిరిగే కోణంలో ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు వెనక్కి (ఆలస్యంగా) జరిపే పట్టికను కంప్యూటరులో రాయించండి; అది ఆరంభం మాత్రమే, అసలు అంకె మీ ఇంజనే చెబుతుంది. ఇంటర్‌కూలరును కండెన్సరుకు ముందుకు తెచ్చి, పక్కల సందులను రేకుతో మూసి, బంపరులోంచి వచ్చే గాలి అంతా దానిలోంచే పోయేలా చేయండి. ఇరవై రూపాయల రేకు ముక్క చేసే మేలును చాలామంది ఖరీదైన టర్బోలో వెతుకుతారు. మిశ్రమం మీటరును 14.7 లెక్కలో (ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి) కాక లాంబ్డాలో (పూర్తిగా కాలడానికి కావలసిన గాలితో పోల్చిన నిష్పత్తి; 1 కంటే తక్కువైతే పెట్రోలు ఎక్కువ) చూడండి. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలుకు సరితూగే అంకె 13.5 దగ్గర ఉంటుంది కనుక పాత లెక్క మోసం చేస్తుంది. పూర్తి బూస్టులో లాంబ్డా 0.80 దరిదాపుల్లో ఉండాలి.

ఇక నడిపే తీరు. నాలుగో గేరులో ఇంజను నిమిషానికి 2,000 చుట్ల దగ్గర ఉండగా యాక్సిలరేటరును నేలకు తొక్కడమంత చెరుపు ఇంజనుకు మరొకటి లేదు, ఎందుకంటే పిస్టను నెమ్మదిగా కదులుతున్నప్పుడు మిశ్రమానికి వేడెక్కి పేలడానికి తీరిక దొరుకుతుంది. చీమకుర్తి రాళ్ల లారీని దాటాలంటే ముందే మూడో గేరుకు దిగి, చుట్లను 3,500కు తెచ్చి, అప్పుడు తొక్కండి. ఇల్లు చేరాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపితే టర్బో బేరింగులో నూనె మాడకుండా ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా చేయక తప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇటువంటి మార్పులను అనుమతించదు. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉండవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడం ఖాయం. కనుక పూర్తి బూస్టు పరీక్షలను జాతీయ రహదారి మీద చేయకుండా, కారును ట్రైలరు మీద శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాకుకు తీసుకువెళ్లి, అక్కడ అనుమతి ఉన్న రోజున చేయండి. మూడో ల్యాపు చివర కొత్త సెన్సారు ఎన్ని డిగ్రీలు చూపిందో రాసి పంపండి, 0.7 సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.