తొమ్మిది నెలల జీతం, పన్నెండు నెలల కడుపు

ప్రశ్న: అన్నా, మాది మంచిర్యాల. హైదరాబాద్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ చేశాను. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఫండింగ్ కూడా ఇస్తామన్నారు. లేబర్ ఎకనామిక్స్‌లో, అందులోనూ పనిచేసే చోట జరిగే ప్రమాదాల మీద పరిశోధన చేయాలని ఉంది. పాశమైలారం పేలుడు తర్వాత ఈ ఆలోచన ఇంకా గట్టిపడింది. గైడ్‌ను ఎప్పుడు చూసుకోవాలి, లెక్కల్లో ఏం చదువుకుని రావాలి, ఈ సబ్జెక్టుతో ఉద్యోగాలు వస్తాయా?

జవాబు: చెల్లెమ్మా, ముందుగా శుభాకాంక్షలు. మాది గోదావరిఖని, మీ ఊరికి గోదావరి ఇవతలి ఒడ్డు. మా బాపు సింగరేణిలో బాయి కార్మికుడు. కాబట్టి నీకు ఈ సబ్జెక్టు ఎందుకు కావాలో నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ మూడు ప్రశ్నలు అడిగావు, మూడింట్లోనూ డబ్బు ఊసే లేదు. 'ఫండింగ్ కూడా ఇస్తామన్నారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 2006లో నేనూ అచ్చం ఇలాగే తేల్చేశాను.

నువ్వు అడిగినవాటికి గబగబా చెప్పేస్తా. మొదటి ఏడాదంతా మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్, ఆ పైన ప్రిలిమ్స్ అనే గండం. గైడ్ సంగతి రెండో ఏడాది చివర్లో చూసుకోవచ్చు. లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ ఒకసారి తిరగేసి రా. లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్లు స్టాటా గానీ ఆర్ గానీ చేతికి అలవాటు చేసుకో. ఉద్యోగాలు వస్తాయి. ఇక అసలు విషయం.

నేను ఆగస్టు రెండో వారంలో ఎనిమిది వందల డాలర్లతో దిగాను. అప్పుడు డాలరు నలభై ఆరు రూపాయలు. బాపు పీఎఫ్‌లో లోను తీసి టికెట్ కొన్నాడు. రూముకు అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి ఆరు వందల ఇరవై అక్కడికక్కడే పోయింది. మిగిలింది నూట ఎనభై. నెలాఖరుకు జీతం వస్తుంది కదా అనుకున్నా. అసిస్టెంట్‌షిప్, అంటే డిపార్ట్‌మెంట్‌లో జీతానికి చేసే పని, ఆగస్టు మధ్యలో మొదలైనా, ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) వచ్చి, కాగితాలన్నీ కదిలి, మొదటి జీతం చేతికొచ్చేసరికి అక్టోబరు ఒకటి. ఏడు వారాలు అన్నం, అమ్మ పెట్టిన చింతకాయ తొక్కు, గుడ్లు. ఎవరికైనా చెప్పాలంటే నామోషీ. ఆరో వారంలో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఒక పెద్దావిడ నా ముఖం చూసి తనే అడిగింది. విద్యార్థులకు వడ్డీ లేని ఎమర్జెన్సీ లోను ఉందట, ఒక్క పేజీ ఫారం. మొదటి రోజే అడిగితే మొదటి రోజే ఇచ్చేవాళ్లు. నువ్వు మాత్రం కనీసం రెండున్నర నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని విమానం ఎక్కు.

'ట్యూషన్ మాఫీ' అంటే ట్యూషన్ మాత్రమే మాఫీ. స్టూడెంట్ ఫీజులు, హెల్త్ ఇన్సూరెన్సులో నీ వాటా వేరే ఉండొచ్చు. అడుగు. వారానికి 20 గంటల నిబంధన, పన్నుల లెక్క లాంటివి ఇంటర్నేషనల్ ఆఫీసు వెబ్‌సైట్లో ఉంటాయి. మీ తరానికి అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి, చదువుకో. ఒక్కటి మాత్రం చెప్తా. ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలో 21వ ఆర్టికల్ కింద మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. చాలా దేశాల పిల్లలకు అది లేదు. నాకు తెలియక ఒక ఏడాది ఐదు వందల డాలర్ల పైచిలుకు ఎక్కువ కట్టాను.

అసలు దెబ్బ మే నెలలో పడింది. నా జీతం తొమ్మిది నెలలకే. ఆఫర్ లెటర్ రెండో పేజీలో రాసే ఉంది, నేనే మొదటి పేజీ చదివి మురిసిపోయాను. పైగా జనవరి నుంచి నెలకు రెండు వందల డాలర్లు ఇంటికి పంపుతున్నా. అవసరం ఉండి కాదు. కొడుకు అమెరికా నుంచి పంపిస్తున్నాడని బాపు మస్టర్ (బాయి దగ్గర హాజరు వేసే చోటు) దగ్గర అందరికీ చెప్పుకుంటాడని. జూన్ వచ్చేసరికి నా ఖాతాలో అద్దెకు కూడా లేదు.

ఒక తెలుగాయన గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ పని ఉందన్నాడు. దండం పెట్టి వద్దన్నాను. నువ్వూ అదే చెయ్, క్యాంపస్ బయట అనుమతి లేకుండా పని చేస్తే వీసా స్టేటస్ పోతుంది. క్యాంపస్ మెస్ వంటింట్లో చేరాను, గంటకు ఏడు డాలర్లు. సెలవుల్లో క్యాంపస్‌లో పూర్తి టైమ్ చేయొచ్చు.

అక్కడ మాంసం, చీజ్ పొరలుగా కోసే స్లైసర్ ఉండేది. రాత్రి మూసే ముందు దాని గుండ్రటి బ్లేడు విప్పి కడగాలి. కడిగేటప్పుడు ఇనుప జాలీ గ్లవ్ వేసుకోవాలి. ఉన్న ఒక్క గ్లవ్ ఎక్కడో తప్పిపోయింది. తొమ్మిదిన్నర బస్సు దాటిపోతుందని నేను వట్టి చేతుల్తోనే తుడిచాను. ఎడమ బొటనవేలు గోరు పక్క నుంచి తెగింది. సూపర్‌వైజర్ నీలం రంగు బ్యాండేజీ చుట్టి, ఒక ఫారం తెచ్చి ముందు పెట్టింది. "అక్కర్లేదు, చిన్న గీత" అన్నాను. పేరు ఎక్కితే వీసాకు ఏమవుతుందో, పని పోతుందేమో అని టెన్షన్. మర్నాడు బయట క్లినిక్‌కు వెళ్లి మూడు కుట్లు వేయించుకున్నా. బిల్లు ఆరు వందల నలభై డాలర్లు. క్రెడిట్ కార్డు మీద పెట్టి ఏడాదిన్నర కట్టాను.

ఆ ఫారం వర్కర్స్ కాంపెన్సేషన్‌ది, అంటే పనిలో తగిలిన దెబ్బకు యజమాని తరఫున ఖర్చు భరించే బీమాది. నింపి ఉంటే పైసా పడేది కాదు. పని చేసే విద్యార్థి కూడా కార్మికుడే. దెబ్బ తగిలిందని చెప్పినంత మాత్రాన వీసాకు వచ్చే నష్టం ఏమీ లేదు.

ఇదంతా ఎందుకంటే, మూడేళ్ల తర్వాత నా థీసిస్ ఆ బొటనవేలి దగ్గరే మొదలైంది. ఇక్కడ ఓషా చట్టం, అంటే పనిచేసే చోట భద్రత చట్టం, 1970లో వచ్చింది. దాన్ని అమలు చేసే ప్రభుత్వ సంస్థ పేరూ ఓషానే. ఆ చట్టం ప్రకారం కంపెనీలు దెబ్బలను 300 నంబరు లాగ్‌లో రాయాలి. వట్టి బ్యాండేజీతో పోతే రాయక్కర్లేదు, కుట్లు పడితే రాయాల్సిందే. లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో ఏటా చేసే సర్వేకి అలాంటి రాతలే ఆధారం. ఒక రాత్రి ఆ పట్టికలు చూస్తుంటే వెలిగింది. ఇందులో నా వేలు లేదు కదా! నాలాంటివాళ్లు ఎంతమంది లేరో! చావులను మాత్రం వేరేగా, 1992 నుంచి, డెత్ సర్టిఫికెట్ల దగ్గర నుంచి పేపరు వార్తల దాకా వెతికి మరీ లెక్కపెడతారు. 2023లో 5,283 మంది. ఆ అంకెను నమ్మొచ్చు. దెబ్బల అంకెను అడుగు కింద తట్టి చూసి నమ్మాలి.

ఈ సబ్జెక్టులో నాకు నచ్చేదే ఇది, లెక్క వెనక మనిషి ఏమనుకున్నాడో వెతకడం. సోమవారం పూట దెబ్బల క్లెయిములు ఎక్కువ. ఆదివారం ఇంట్లో తగిలిన దెబ్బను, ఇన్సూరెన్స్ లేనివాళ్లు సోమవారం కంపెనీ ఖాతాలో వేస్తున్నారని అనుమానం ఉండేది. డేవిడ్ కార్డ్, బ్రయన్ మెకాల్ 1996లో లెక్క తీస్తే, ఇన్సూరెన్స్ లేనివాళ్లు అలా ఎక్కువగా చేస్తున్నట్టు తేలలేదు. ఆ కార్డ్‌కే 2021లో నోబెల్ వచ్చింది. మాథ్యూ జాన్సన్ 2020 పేపరు కూడా చదువు. నిబంధనలు తప్పిన ఒక కంపెనీ గురించి ఓషా ఒక్క పత్రికా ప్రకటన ఇస్తే, చుట్టుపక్కల కంపెనీల మీద 210 తనిఖీలు చేసినంత ప్రభావం ఉందని అందులో తేల్చాడు.

ప్రమాదకరమైన పనికి ఎక్కువ జీతం వస్తుందనే సిద్ధాంతం ఆడమ్ స్మిత్ నాటిది. కిప్ విస్కూసీ లాంటి ఆర్థికవేత్తలు దాన్నుంచే ప్రాణానికి గణాంక విలువ కడతారు, అంటే చావు ముప్పుకు జనం ఎంత డబ్బు అడుగుతున్నారో చూసి వేసే లెక్క. నేను ఓసారి ఫోన్లో బాపుకు ఇది గొప్పగా వివరించాను, నీకు అండర్‌గ్రౌండ్ అలవెన్స్ ఇచ్చేది ఇందుకే అని. ఆయన నవ్విండు. "అలవెన్స్ కోసం ఎవడు దిగిండురా, వేరే పని దొరకక దిగినం" అన్నాడు. నా థీసిస్ రెండో అధ్యాయం మొత్తం ఆ మాటకు ఫుట్‌నోటు లాంటిదే.

మళ్లీ డబ్బు దగ్గరికి వస్తున్నా. ఈ రంగంలో శిక్షణ గ్రాంట్లు ఇచ్చే ప్రధాన సంస్థ నయోష్, పనిచేసే చోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ. కానీ ఆ ట్రైనీషిప్పులు పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ కూడా అంతే. అదీగాక 2025 ఏప్రిల్‌లో నయోష్ ఉద్యోగుల్లో ఎక్కువమందికి తొలగింపు నోటీసులిచ్చారు. దాని మీద ఆశ పెట్టుకుని టాపిక్ ఎంచుకోకు. ప్రభుత్వ రీసెర్చ్ డేటా సెంటర్లలోని రహస్య డేటా కావాలంటే, విదేశీయులు గత ఐదేళ్లలో మూడేళ్లు ఇక్కడ నివసించి ఉండాలి. అందుకని మొదటి పేపరు అందరికీ దొరికే డేటాతో రాయి. పాశమైలారం కాంట్రాక్టు కార్మికుల మీద చేయాలన్నా చేయొచ్చు, కానీ ఊరికి వెళ్లి సర్వే చేయడానికి ఎవరు డబ్బిస్తారో ముందు కనుక్కో.

ఉద్యోగాల వేటకీ ఖర్చే. 2012 జనవరిలో నా ఇంటర్వ్యూలు చికాగోలో, హోటల్ గదుల్లో. బ్లేజర్, షూ, రూము అన్నీ నా కార్డు మీదే. ఆ తర్వాత యూనివర్సిటీలు పిలిచాక టికెట్ డబ్బు తిరిగి ఇస్తారు, ఇచ్చేసరికి రెండు నెలలు, వడ్డీ మనది. ఇప్పుడు మొదటి ఇంటర్వ్యూలు వీడియోలోనే, మీరు అదృష్టవంతులు. ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లకే కాకుండా బిజినెస్ స్కూళ్లకు, పబ్లిక్ హెల్త్ స్కూళ్లకు, రాండ్ లాంటి పరిశోధన సంస్థలకూ అప్లై చెయ్. యూనివర్సిటీ ఉద్యోగమైతే హెచ్-1బీకి లాటరీ గొడవ లేదు.

ఇప్పుడు నాకు టెన్యూర్ (పర్మనెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం) ఉంది, ఇల్లు ఉంది, బొటనవేలు మీద తెల్లటి గీత ఉంది. ప్రొఫెసర్ జీతం కూడా తొమ్మిది నెలలదే, తెలుసా? మే నెల వస్తుందంటే ఇప్పటికీ బ్యాంకు బ్యాలెన్స్ రెండుసార్లు చూసుకుంటా. మా ఆవిడ నవ్వుతుంది.

నీ ఆఫర్ లెటర్ ఫోటో పంపు. మొదటి పేజీ వద్దు, రెండోది పంపు.